ఏడవ పటంలో నీలం

పుప్పొడే పుట్టని తీగకు ఏడవ పటంలో నీలి పుప్పొడి ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ ప్రశ్నకు నలభై ఒక్క ఏళ్ళు. వృక్షోద్యానం వారి సంపుటాలు తిరగేసే పండితులు ఆ పటాన్ని చూశారు, తల పంకించారు, దానితో పాటు ఉంచిన చీటీలోని ఒక్క వాక్యం చదివి తృప్తిపడి పేజీ తిప్పారు. ఆ వాక్యం జవాబు కాదు. జవాబు బయటికి రాకుండా తలుపుకు అడ్డంగా కొట్టిన చెక్క. ఇన్నేళ్ళూ నేను మాట్లాడలేదు, ఎందుకంటే ఆ చెక్కకు మేకు కొట్టిన చేతులలో ఒకటి నాది. ఈ ఏడాది తోట వారు ఆ సంపుటాన్ని నిగనిగలాడే కాగితం మీద తిరిగి అచ్చువేశారు. ఒకప్పుడు విడిచీటీగా ఉన్న వాక్యాన్ని ఇప్పుడు పటం కిందనే చేర్చారు. చీటీకైతే ఏదో ఒకనాడు రాలిపోయే అవకాశం ఉండేది. అచ్చుకు ఆ దయ లేదు.

మా అన్నయ్య ఆ తోటలో వృక్షశాస్త్రజ్ఞుడు, అందరికీ డాక్టరుగారు. వదిన ఆయన వ్యాసాలకు పటాలు గీసేది. నేను తోట కార్యాలయంలో టైపిస్టును. వెనుక గేటు పక్కన మాకిచ్చిన మూడు గదుల ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం. ముందు గదిలో ఉత్తరపు కిటికీ దగ్గర వదిన బల్ల, దానికి అడ్డంగా నా టైపుమిషను. అన్నయ్యకు బల్ల లేదు. ఆయన నడుస్తూ ఆలోచించేవాడు: తలుపు నుంచి కిటికీకి ఏడడుగులు, కిటికీ నుంచి తలుపుకు ఏడడుగులు. ఆ నడకకు వదిన గాజుగ్లాసులో నీళ్ళు కదిలేవి. ఆమె గ్లాసు కింద నాలుగు మడతలు వేసిన గుడ్డ పెట్టుకుని పని చేసుకునేది. ఒక కాపురాన్ని వర్ణించడానికి ఇంతకంటే ఎక్కువ వాక్యాలు అవసరం లేదనుకుంటాను.

పదకొండేళ్ళలో వదిన నూట నలభై పటాలు గీసింది. ఒక్కదాని కిందా ఆమె పేరు లేదు. వ్యాసం చివర కృతజ్ఞతలలో ‘ఇంటివారి సహకారానికి’ అని ఒక మాట ఉండేది. ఇంటివారంటే వదిన కావచ్చు, నేను కావచ్చు, మా పిల్లి కావచ్చు.

ఆ ఏడు చలి వెనక్కి తగ్గుతుండగా తోట అధికారి, మేము పెద్దసారు అనే ఆయన, స్వయంగా మా గుమ్మంలోకి వచ్చాడు. కూర్చోలేదు. టోపీ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"అమ్మా, మొత్తానికి మంజూరైంది. తోటకు చిత్రకారిణి ఉద్యోగం. ఇప్పుడు మీవారు రాస్తున్న ఫ్యూషియాల వ్యాసం ఉంది చూశారూ, ఆ సంపుటం తీసుకెళ్ళి, ఈ ఉద్యోగం మీకే ఇమ్మని బోర్డు ముందు పెడతాను. పటాలు చూసి ఎవడూ నోరెత్తకూడదు."

"ఈసారైనా పటాల కింద పేరు వేస్తారా అండీ?" అని వదిన అడిగింది.

"ఉద్యోగంలో ఉన్నవాళ్ళ పేరే కదమ్మా వేసేది. ముందు ఇది కానివ్వండి."

ఆయన వెళ్ళాక వదిన కుంచె కొన నాలుక మీద తడుపుకుని, "పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు," అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ రోజు నుంచి కూర్చున్నచోట కూర్చోలేకపోయింది. గీస్తూ గీస్తూ లేచి కిటికీ తెరిచేది. గాలికి కాగితం లేస్తుందని మళ్ళీ మూసేది. పటాలు అచ్చుకు వెళ్ళేదాకా ఆ ఆరు వారాలూ మా ఇంట్లో ఎవరూ పూర్తిగా కూర్చోలేదు.

వ్యాసం సంగతి ఇది. తోటలో ఫ్యూషియా అనే పూలమొక్కలు రెండు ఉండేవి. ఒకటి చెట్టు, ఒకటి తీగ. పాత జాబితాలో రెండింటికీ ఒకటే పేరు రాసి, ‘ఆనుకోవడానికి గోడ దొరికితే పాకును, దొరకనిచో నిలుచును’ అని ఎవరో మహానుభావుడు వ్యాఖ్య చేర్చాడు. మనుషుల గురించైతే ఆ వ్యాఖ్య సరిపోయేదేమో. ఇవి ఒకటి కాదు, దగ్గర చుట్టరికం ఉన్న రెండు జాతులని అన్నయ్య మూడేళ్ళుగా వాదిస్తున్నాడు. ఆ వాదన సరైనదే. ఈ కథలో ఆయనకు అన్యాయం చేసే ఉద్దేశం నాకు లేదు.

చెట్టు బెరడు పలచని కాగితాల్లా పొరలు పొరలుగా ఊడుతుంది. లోపల నారింజ ఛాయ. ఆకు వేలంత పొడవు, కొనదేలి ఉంటుంది, వెనక్కి తిప్పితే వెండిపూత. తీగ ఆకు చిన్నది, గుండ్రన. ఆకు ఎంతో దాని కాడా దాదాపు అంతే. పువ్వులు మాత్రం మొదటి చూపుకు కవలపిల్లలు. రెండూ తలకిందులుగా వేలాడతాయి. విచ్చుకున్నప్పుడు ఆకుపచ్చ మీద ఊదా చారలు. తేనె ఇవ్వడం అయిపోయాక ఎర్రబడతాయి. ఎర్రబడిన పువ్వు దగ్గరికి పిట్ట రాదు. తీగ పువ్వు కాస్త చిన్నదని కొలిస్తే గాని తెలియదు.

తోటమాలిని అందరూ కత్తెర అనేవారు. పెద్దవయసువాడు, కత్తిరించిన కొమ్మను కూడా పలకరించే రకం. ఒకనాడు చెట్టు కింద అన్నయ్య ఆకు కాడలు కొలిచి చెబుతుంటే నేను రాసుకుంటున్నాను. కత్తెర చూస్తూ చూస్తూ అన్నాడు:

"ఇంత కొలత ఎందుకండీ. అక్కాచెల్లెళ్ళు వీళ్ళు. అక్క తన కాళ్ళ మీద నిలబడి తన తోలు తనే ఒలుచుకుంటది. చెల్లెలు పక్కవాడి భుజమెక్కి లోకమంతా చూస్తది."

"శాస్త్రంలో అక్కలూ చెల్లెళ్ళూ ఉండరోయ్," అన్నాడు అన్నయ్య.

"లేకపోతే మీరు మూడేళ్ళ నుంచి కొట్లాడేది ఎవరి గురించండీ?"

అన్నయ్య నవ్వి అతని భుజం తట్టాడు. తట్టేవాడు, అది కూడా చెప్పాలి.

ఎనిమిది పటాలు అనుకున్నారు. నాలుగు చెట్టువి, నాలుగు తీగవి. వదిన పని చేసే తీరు చెప్పకపోతే తరువాత జరిగింది అర్థం కాదు. కోసిన పువ్వును ఆమె గ్లాసులో నిలబెట్టేది కాదు. ఇనుప కడ్డీకి కుట్టుదారం కట్టి, దారానికి పువ్వు కాడను ముడివేసి, అది ఎలా పుట్టిందో అలాగే తలకిందులుగా వేలాడదీసేది. "తలకిందులుగా బతికేదాన్ని నిటారుగా నిలబెడితే అది బొమ్మవుతుంది, పటం కాదు," అనేది. డివైడర్ల మొనలతో ప్రతి భాగాన్నీ కొలిచి కాగితం మీద కంటికి కనపడనంత చుక్కలు పెట్టేది. ఇక రంగు. వేయబోయే ప్రతి రంగునూ ముందు రెండు వేళ్ళ వెడల్పున్న కాగితపు పట్టీ మీద వేసి, పువ్వు పక్కన పట్టుకుని, సరిపోయేదాకా మార్చేది. సరిపోయిన రంగు పక్కన పెన్సిలుతో ఏ మొక్కో, ఏ రోజో, ఏ భాగమో రాసేది. పటానికొక పట్టీ. పటాలు అచ్చుకు వెళ్ళిపోయేవి. పట్టీలు ఆమె దగ్గర అట్టపెట్టెలో ఉండేవి.

మూడవ పటం చెట్టు పువ్వుది. అది గీసిన రోజు నన్ను పిలిచింది.

"ఇలా రా. నీలం పుప్పొడి ఎప్పుడైనా చూశావా?"

పువ్వు నుంచి బయటికి వేలాడుతున్న కేసరాలను చూపుడువేలితో తాకి నా ముందు పెట్టింది. కొత్తగా కలం పట్టిన పిల్ల వేలికి సిరా అంటినట్టు ఉంది.

"పసుపే కదా ఉండేది?" అన్నాను.

"అన్నిటికీ ఉన్నట్టే దీనికీ ఉండాలని ఎక్కడుంది? మన తీగకైతే అసలే లేదు. మీ అన్నయ్య చెప్పలేదూ?"

చెప్పాడు. నేనే టైపు చేశాను. వ్యాసం పద్నాలుగవ పేజీ, రెండవ పేరా: ‘ఉద్యానములో గల ఏకైక తీగ స్త్రీ మొక్క. దీని కేసరములు కురుచ. వాని కొనలయందు పుప్పొడి ఏర్పడదు. చెట్టు పుప్పొడి స్పష్టమైన నీలము.’ అక్షరం మారకుండా నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ సాయంత్రం వదిన నీలం కలిపిన చిన్న గిన్నెను శుభ్రంగా కడిగి, తుడిచి, పై అరలో బోర్లించింది. "చెట్టు పువ్వు పని అయిపోయింది. తీగకు దీనితో పని లేదు," అంది.

తీగ రెండు వారాలు ఆలస్యంగా పూస్తుంది. వదిన ఐదు, ఆరు, ఎనిమిది పటాలు, అంటే బెరడూ ఆకులూ పాకే తీరూ, గీసేసింది. ఏడవది పూల కొమ్మ. అందులో కొమ్మా ఆకులూ పూర్తిచేసి, పువ్వు వేలాడవలసిన చోట పెన్సిలుతో ఒక సున్నా చుట్టి ఆపింది. సంపుటం శనివారం అచ్చుకు వెళ్ళాలి. బుధవారం నాడు వెనుక గోడ మీద పదిపన్నెండు మొగ్గలు రేపో మాపో విచ్చేటట్టున్నాయి. వదిన ఆ పూట నాలుగుసార్లు గోడ దాకా వెళ్ళొచ్చింది. ఐదోసారి నేనూ వెళ్ళాను. మొగ్గను వేలితో కింద నుంచి, పసిపాప గడ్డం ఎత్తినట్టు ఎత్తి చూసింది.

"రేపు పొద్దున ఎనిమిదికి," అంది. మొగ్గతో అందో నాతో అందో తెలియదు.

గురువారం ఉదయం ఏడున్నరకు కత్తెర వచ్చాడు. తలపాగా చేతిలో ఉంది.

"అమ్మా, మీరొకసారి రండి. నేను చెప్తూనే ఉన్నానమ్మా. నా మాట ఎవడు వింటాడు."

వెనుక గోడ తెల్లగా మెరుస్తోంది. సున్నం వేస్తున్నారు. బోర్డు వారు తోట చూడటానికి వస్తారని, వారి కంటికి గోడ ఇంపుగా ఉండాలని ఉత్తర్వు. ఏం చూడటానికి బోర్డు వారు ఆ గోడ దగ్గరికి వస్తారో దానినే పీకేసి, చాప చుట్టినట్టు చుట్టి, ఎండలో పడేశారు. పూలు నేల మీద మడమల కింద ఉన్నాయి. కొమ్మకు మిగిలిన రెండు మొగ్గలు సున్నంలో మునిగి ఉన్నాయి. ఆ ఉత్తర్వు కూడా పది రోజుల కిందట నేనే టైపు చేశాను. ‘వెనుక గోడ, సున్నము, రెండు పూతలు.’ టైపు చేసేవాళ్ళు చదవరని లోకం అనుకుంటుంది. ఆ రోజు దాకా నేనూ అలాగే అనుకున్నాను.

"ఈ తీగ బతుకుతుందా?" అని అడిగింది వదిన.

"బతుకుతదమ్మా. మొండిది. వచ్చే ఏడు మళ్ళీ పూస్తది."

"వచ్చే ఏడు," అంది వదిన, ఆ మాట బరువెంతో చూస్తున్నట్టు.

రెండు మొగ్గలనూ ఇంటికి తెచ్చి గోరువెచ్చని నీళ్ళలో కడిగింది. తొమ్మిదికల్లా అవి గోధుమరంగుకు తిరిగాయి. దారానికి కట్టబోతే ఒకటి కాడ దగ్గర తెగింది. ఆమె కిటికీ తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

పదకొండు గంటలకు అన్నయ్య వచ్చాడు. ఆయన చేతిలో తడి రుమాలు. విప్పి బల్ల మీద పెట్టాడు. లోపల అప్పుడే విచ్చిన పువ్వు: ఆకుపచ్చ, ఊదా చారలు.

"ఇదిగో. ఇది వేలాడదీసి గియ్యి."

వదిన దాన్ని ముట్టుకోలేదు. "ఇది చెట్టుది."

"చెట్టుదే. మూడోవంతు తగ్గించి వెయ్యి. కొలతలు నా దగ్గరున్నాయి."

"ఖాళీగా పంపుదామండీ. ‘పువ్వు లభించలేదు’ అని కింద రాయండి. సున్నా అలాగే ఉంచుతాను."

"ఖాళీ పటం అచ్చువేస్తే నవ్వుతారోయ్. మూడేళ్ళ పని. పువ్వులో ఏముంది, రెంటి పువ్వూ ఒకటేగా."

రెండూ ఒకటి కాదని నలభై పేజీలు రాసిన మనిషి ఆ మాట అన్నాడు. అని, తలుపు నుంచి కిటికీకి నడిచాడు. గ్లాసులో నీళ్ళు కదిలాయి.

వదిన పువ్వును దారానికి కట్టింది. అది మెల్లగా తిరిగి ఆగింది. ఆమె భూతద్దం తీసుకుని కాసేపు చూసి, మామూలు గొంతుతో అంది:

"ఇందులో పుప్పొడి ఉందండీ."

ఆ వారమే నేను పద్నాలుగవ పేజీ రెండోసారి శుభ్రప్రతి తీశాను. నా వేళ్ళు టైపుమిషను మీద ఆగాయి.

"ఉంటే వెయ్యవోయ్," అన్నాడు అన్నయ్య కిటికీ దగ్గర నుంచి, వెనక్కి తిరగకుండానే. "కనపడింది కనపడినట్టు వెయ్యమనే కదా పదకొండేళ్ళ నుంచి చెప్తున్నాను."

వదిన నా వైపు చూసింది. ఎంతసేపు అని మీరడిగితే, ఒక వరుస టైపు చేసేంతసేపు. నేను తరువాతి అక్షరం కొట్టాను.

ఆమె లేచి, పై అరలో బోర్లించిన నీలం గిన్నెను దించింది.

శనివారం పటాలు అచ్చుకు వెళ్ళాయి. నెలన్నరకు సంపుటం వచ్చింది. పెద్దసారు అందరి ముందూ విప్పి చూపించాడు. ఏడవ పటం మీద వేలు పెట్టి "ఇది చూడండి, ముట్టుకుంటే వేలికి అంటుకునేలా ఉంది" అని మెచ్చుకున్నాడు. బోర్డు ముందు పెట్టే తేదీ కూడా చెప్పాడు. వదిన ఆ వారం కొత్త చీర కట్టుకుని రెండుసార్లు కార్యాలయం మెట్ల దాకా వచ్చి, లోపలికి రాకుండా తిరిగి వెళ్ళింది. మూడోసారి నేనే పిలిచాను. "ఏం లేదులే. కుర్చీ ఎక్కడ వేస్తారో చూద్దామని," అంది.

తేదీకి నాలుగు రోజుల ముందు వేరే తోట నుంచి ఉత్తరం వచ్చింది. రాసినాయన మర్యాదస్తుడు. రెండే వాక్యాలు. పద్నాలుగవ పేజీ ప్రకారం తీగకు పుప్పొడి లేదు. ఏడవ పటం ప్రకారం నీలి పుప్పొడి సమృద్ధిగా ఉంది. రచయిత ఈ రెంటిలో దేనిని నమ్మమంటారు? ఇదంతా మొదటి వాక్యం. రెండవది నమస్కారం.

పెద్దసారు అన్నయ్యను పిలిపించాడు. తలుపు వేసుకుని గంటసేపు మాట్లాడుకున్నారు. నేను బయట కూర్చుని ఉన్న కాగితాలనే మళ్ళీ సర్దాను. అన్నయ్య బయటికి వచ్చి, నా వైపు చూడకుండా ఇంటికి నడిచాడు. మధ్యాహ్నం ఇంటి దగ్గర నా టైపుమిషను మీద ఒక చిన్న కాగితం పెట్టాడు. ఆయన దస్తూరీ.

‘ఏడవ పటమునందు చిత్రకారిణి పొరపాటున చెట్టు పుష్పమును తీగ కొమ్మకు చేర్చినందుకు పాఠకులు మన్నింపగలరు.’

"మూడొందల కాపీలకు చీటీలు కావాలి. పేజీకి పది వచ్చేట్టు కొట్టు," అన్నాడు.

"ఎవరి పొరపాటు అన్నయ్యా?"

"వాక్యంలో ఉంది కదా."

"వాక్యంలో ఉన్నది చదివాను. ఈ గదిలో జరిగింది విన్నాను కూడా."

"విన్నదానివి అప్పుడే చెప్పాల్సింది."

అన్నయ్య నాతో ఎన్నో మాటలన్నాడు. వాటిలో నేను ఇప్పటికీ కొట్టిపారేయలేని మాట అదొక్కటే. తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా పిడికెడు నా చేతిలో పెట్టి ఆయన నడక మొదలుపెట్టాడు.

"నువ్వు ఆలోచించు. నా పేరు పోతే ఈ ఇల్లు పోతుంది, ముగ్గురం వీధిలో ఉంటాం. తనకు పోవడానికి పేరెక్కడుంది?"

వదిన వంటగది గుమ్మంలో ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు. తడి చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, నా భుజం మీదుగా ఆ కాగితం చదివింది. పదకొండేళ్ళ తరువాత ఆ తోట సంపుటంలో ఆమె ప్రస్తావన రాబోతోంది. పేరు కాదు, ‘చిత్రకారిణి’. ఇంకా ఇవ్వని ఉద్యోగం పేరుతోనే తప్పు రాశారు.

"నేను ఇందులో పుప్పొడి ఉందని చెప్పాను," అంది.

అన్నయ్య ఏడడుగులు నడిచి కిటికీ దగ్గర ఆగాడు. "ఏమో. నాకు గుర్తులేదు," అన్నాడు.

ఆమె తల ఊపింది. నాతో అంది: "అంచు ఇంకాస్త వదులు. కత్తిరించేటప్పుడు చివరి అక్షరం పోతుంది."

నేను టైపు చేశాను. ముప్పై పేజీలు, పేజీకి పది. నా చేతులు వద్దనలేదు. ఎవరూ నన్ను బెదిరించలేదు, బతిమాలలేదు. వాక్యం నా ముందు పెట్టారు, కొట్టాను. పేజీలు మిషను నుంచి వచ్చినవి వచ్చినట్టు వదిన తీసుకుని, తన ఇనుప స్కేలు ఆనించి, కత్తితో చీటీలు కోసింది. మూడు వందలూ ఆమే కోసింది. పని సగంలో వదలడం ఆమెకు చేతకాదు. ఒక్క చీటీ కూడా వంకర పోలేదు. సాయంత్రానికి బల్ల మీద పది కట్టలు, కట్టకు ముప్పై, అంచులు కలిసి ఉన్నాయి.

పెద్దసారు ఒకసారి వచ్చి, "ఇప్పుడెలా పెట్టనమ్మా బోర్డు ముందు?" అన్నాడు. ప్రశ్నలా అన్నాడు కాని కాదు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

చెట్టు పూలన్నీ ఎర్రబడి రాలుతున్న రోజుల్లో ఒక ఉదయం వదిన రంగులపెట్టె సంచిలో పెట్టుకుని గుమ్మం దిగింది. డివైడర్లు, కడ్డీ, కుట్టుదారం బల్ల మీదే ఉన్నాయి.

"ఎక్కడికి?" అన్నాడు అన్నయ్య.

"పనికి."

ఊరికి అవతల పింగాణీ కార్ఖానా. కప్పుల మీదా పళ్ళేల మీదా పూలు వేసే పని. కొన్నాళ్ళు సాయంత్రానికి ఇంటికి వచ్చేది. తరువాత కార్ఖానా పక్కనే ఒక గది తీసుకుంది. మా ఇంట్లో తగాదా జరగలేదు, గిన్నె విసరలేదు, గొంతు పెంచలేదు. కిటికీ దగ్గర కుర్చీ ఒకటి ఖాళీ అయింది, అంతే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అన్నయ్య ఒక కెమెరా కొన్నాడు. వర్షాలు మొదలయ్యే ముందు నేను ఉద్యోగం వదిలి గ్రంథాలయంలో చేరాను. టైపుమిషను ముందు మళ్ళీ కూర్చోలేదు.

మొదటిసారి కార్ఖానాకు వెళ్ళినప్పుడు వదిన నన్ను చూసి కుంచె ఆపలేదు. ఎదురుగా వరసలుగా కప్పులు. గులాబీ లాంటి పువ్వు, దాని కాడకు మల్లె లాంటి ఆకు.

"ఇదే మొక్క వదినా?"

"ఎవరికి తెలుసు. ఇక్కడ ఏ పువ్వుకు ఏ ఆకు పెట్టినా ఎవరూ ఉత్తరాలు రాయరు." ఆ ఏడాది ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే. అది చూడకపోతే బాగుండేది.

వచ్చేటప్పుడు అట్టపెట్టె నా చేతిలో పెట్టింది. "నీ దగ్గరుంచు. నువ్వు కాగితాలు పారేసే మనిషివి కాదు."

పెట్టెలో నూట నలభై ఎనిమిది పట్టీలు. అన్నిటికీ పైన ఏడవ పటానిది. ఆకుపచ్చ మూడు రకాలు, ఊదా రెండు, చివర ఒక చిన్న నీలి గీత. పక్కన ఆమె పెన్సిలు అక్షరాలు: ‘చెట్టు పువ్వు. గురువారం, పదకొండున్నర. పుప్పొడి నీలం. చెప్పాను.’

తరువాతి కాలంలో అన్నయ్యే పెద్దసారు అయ్యాడు. పోయేముందు ఒకసారి నాతో, "తను పగబట్టి ఆ నీలం వేసింది, నన్ను పట్టించడానికే," అన్నాడు. నేను మాట విని ఊరుకునే మనిషిని కాదు. మూడవ పటాన్నీ ఏడవ పటాన్నీ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూశాను. చెట్టు పటంలో నీలం ఎంత ఉందో తీగ పటంలోనూ అంతే ఉంది. ఒక చుక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆమెకు పగ లేదు. కళ్ళున్నాయి.

వదిన పోయి రెండేళ్ళయింది. కార్ఖానా వారు ఒక పళ్ళెం పంపారు. తోట వారు కొత్త అచ్చు పంపారు, పటం కింద ఆ వాక్యంతో. నేను వారికి మూడు ఉత్తరాలు రాశాను. ‘చారిత్రక పాఠమును మార్చజాలము’ అని ఒక జవాబు వచ్చింది. టైపు చేసినవారు శుభ్రంగా చేశారు. చదివారో లేదో తెలియదు.

కాబట్టి ఇప్పుడు మీతో చెబుతున్నాను. ఆ సంపుటం మీ ఊరి గ్రంథాలయంలో ఉంటుంది. నేనే చాలాచోట్లకు పంపించాను. ముందు పద్నాలుగవ పేజీ చదవండి. తరువాత ఏడవ పటం తీసి కేసరాల కొనల మీద భూతద్దం పెట్టండి. గ్రంథాలయ పుస్తకంలో గీతలు గీయరాదని ముప్పై ఏళ్ళు బల్ల వెనుక కూర్చుని పిల్లలనూ పెద్దలనూ మందలించినదాన్ని నేనే. అయినా అడుగుతున్నాను. కింది వాక్యంలో ‘చిత్రకారిణి’ అన్న మాట కొట్టివేయండి, పెన్సిలుతో కాదు, సిరాతో. ఆ ఖాళీలో ఎవరిని రాయాలో మీకు తెలుసు. రాయండి. రాసేటప్పుడు టైపు చేసినదాన్ని కూడా వదిలిపెట్టకండి.